తారీఖు దాటినంక రా

అన్యాయం జరిగింది రూతుకు. 2020 ఏప్రిల్ 27, సోమవారం, పొద్దుగూకే వేళ, నాచారం పాత ఊళ్లో సక్కుబాయి ఇంటి గేటు ముందు. చేసింది సక్కుబాయి. ఈ ముక్క ముందే చెప్పెయ్యడం మంచిది. లేకపోతే తర్వాత జరిగిందంతా విని ఆమె మీద జాలిపడతారు.

రూతు ఆ ఇంట్లో మెట్ల కింద గదిలో ఆరేళ్లుగా కిరాయికి ఉంటోంది. తార్నాక అవతల ఒక కాన్పుల దవాఖానాలో ఆయా. ఎడమ కాలికి చిటికెన వేలు లేదు. దవాఖానాలో చేరకముందు ఇక్కడే ఒక ఫ్యాక్టరీలో పనిచేసేది, ఆ వేలు మిషన్ తిన్నది. డ్యూటీ దిగి డెట్టాలు, కొబ్బరినూనె వాసనతో వచ్చి, టిఫిన్ డబ్బాతో గేటు గొళ్లెం మీద టింగ్ టింగ్‌మని రెండుసార్లు కొట్టి, "అక్కా" అని పిలిచేది. సక్కుబాయి కోడలు త్రివేణికి నెల తప్పిన దగ్గర్నుంచి ఆమె కాళ్లు పిసికింది రూతు, వాంతులు ఎత్తిపోసింది రూతు. "ఫికర్ జెయ్యకు. కాన్పుకు నేను పక్కనుంట," అని మాటిచ్చింది కూడా.

ఆ సోమవారం రూతు ఎడమ చేతి మీద ఊదారంగు ముద్రతో వచ్చింది. దవాఖానాలో ఎవరికో కరోనా తేలిందట. పనివాళ్లందరి చేతుల మీదా మే 25 తారీఖు కొట్టి, అప్పటిదాకా ఇల్లు కదలొద్దని పంపేశారు. ఇల్లున్నవాళ్లకైతే అది ముద్ర. కిరాయి గదివాళ్లకు అది వాత.

సక్కుబాయి గేటు తీయలేదు. పై బాల్కనీలో నిలబడి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. కొంగుతో గాలిని వడకట్టొచ్చు, నోట్లోంచి వచ్చేదాన్ని ఎవరు వడకడతారు?

"ఇంట్ల కోడలు కడుపుతోని ఉన్నది. నిన్నెట్ల రానిస్త? ఏడకన్న పో!"

"ఏడికి పోతనక్కా? బస్సుల్లేవు. మా శాంతయ్యన్నకు ఫోన్ జేస్తే, ఊరికడ్డం ముండ్లకంప ఏసిన్రట. నా గదిల నేనుంట. తలుపు గూడ తియ్య."

"వద్దన్న గద!"

మెయిన్ రోడ్డు మీద కర్ఫ్యూ సైరన్ మోగింది. రూతు చెయ్యి పైకెత్తి ముద్ర చూపించింది.

"ఈ తారీఖు దాటినంకనన్న రానిస్తవా అక్కా?"

వీధి వీధంతా కిటికీ సందుల్లోంచి చూస్తోంది. సక్కుబాయికి పరువు గుర్తొచ్చింది. మనిషి గుర్తు రాలేదు, పరువు గుర్తొచ్చింది. "తారీఖు దాటినంక రా. గేటు నా చేతులతోని నేనే తీస్త. కాళ్లకు నీళ్లు నేనే ఇస్త. నా ఇంటి గడప మీద ఒట్టు, సరేనా?"

"మంచిదక్కా," అంది రూతు. వెనక్కి తిరిగి లాలాపేట్ వైపు నడిచి వెళ్లిపోయింది.

మే నెల నడుమ రూతుతో పనిచేసే దోర్కా ఫోన్ చేసింది. రూతు దవాఖానా సైకిల్ స్టాండులో పండుకునేదట. జ్వరం పట్టింది. నాలుగు రోజులే. మట్టి కూడా మున్సిపాలిటీవాళ్లే చేశారు. "పాణం పోయేదాక ఒకటే మాట ఆంటీ. ఇయాల తారీఖు ఎంత, తారీఖు ఎంత అని."

కడుపుతో ఉన్నదానికి చావుకబురు చెప్పకూడదు. అందుకని సక్కుబాయి, కొడుకు భూపాల్, ఇద్దరూ త్రివేణి దగ్గర నోరు కుట్టేసుకున్నారు. రూతు ఊరికి పోయిందన్నారు. మెట్ల కింద గదికి సక్కుబాయి తన తాళం వేసింది.

మే 25 రంజాన్ పండుగ. ఎవరి ఇంట్లో వాళ్లే నమాజు చేసుకున్నారు, వీధిలో అత్తరు వాసన కూడా లేదు. నిజానికి ఆ రెండు నెలల్లో నాచారానికి కొత్తగా ముక్కొచ్చింది. ఫ్యాక్టరీలు నడిచినన్నాళ్లూ మందుల కంపు తప్ప మరోటి ఎరగని ముక్కులకు, అవి మూతపడ్డాక వేపపూత వాసన తెలిసింది, పక్కింటి పోపు తెలిసింది. ఆ సాయంత్రం సైరన్ ఆగాక, బాల్కనీలో నిలబడ్డ సక్కుబాయికి ఇంకో వాసన తెలిసింది.

డెట్టాలు. దాని కింద కొబ్బరినూనె.

కింద వీధిలో ఎవరూ లేరు. భూపాల్‌కు గేటు పక్క షట్టర్‌లో టిఫిన్ సెంటర్ ఉంది. పార్సిల్ కోసం వచ్చేవాళ్లు దూరం దూరం నిలబడాలని, షట్టర్ ముందు నుంచి కరెంటు స్తంభం దాకా సున్నంతో ఐదు గుండ్రాలు గీశాడు. స్తంభం దగ్గరున్న చివరి గుండ్రంలో... రెండు తడి పాదాలు.

ఎండకు కాలిన సిమెంటు మీద తడి ఎంతసేపుంటుంది? చూస్తుండగానే ఆరిపోయాయి. కానీ ఎడమ పాదానికి నాలుగు వేళ్లే ఉన్నట్టు సక్కుబాయి చూసింది. చూడలేదని తనకు తాను చాలాసేపు చెప్పుకుంది.

ఆ వారంలోనే పాదాలు నాలుగో గుండ్రంలోకి వచ్చాయి. లాక్‌డౌన్ సడలించారని టీవీలో చెప్పిన సాయంత్రం మూడో దాంట్లోకి. బతికినప్పుడు ఎంత పద్ధతైన మనిషో, ఇప్పుడూ అంతే పద్ధతి. గీత దాటలేదు. పిలవలేదు. తన వంతు కోసం నిలబడింది.

గేటు బయట మెట్టు మీద సక్కుబాయి పసుపు, వేపాకు వేసిన నీళ్ల బకెట్ పెట్టేది. వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కోకుండా లోపలికి రావద్దని. ఒక పొద్దున లేచి చూస్తే బకెట్ సగం ఖాళీ. గేటు చువ్వకు ఒక వేపాకు అతుక్కుని ఉంది... లోపలి వైపు.

ఆ రోజే బకెట్ బోర్లించింది. కాళ్లకు నీళ్లు నేనే ఇస్తానని ఒట్టేసింది కదా. ఇవ్వకపోతే రూతు లోపలికి రాలేదు కదా. దెయ్యాలతో కూడా లిటిగేషన్ పెట్టుకోగల మనిషి ఆమె. గేటుకు రెండో తాళం వేసి, తాళంచెవి బొడ్డు దగ్గర దోపుకుంది.

ఇంట్లో గొడవ మొదలైంది.

"ఎనిమిదో తారీఖు నుంచి హోటళ్లు తెరువుమన్నరు," అన్నాడు భూపాల్. "ఫ్యాక్టరీలు షురువైనయి. పనోళ్లు పొద్దుగాల ఇడ్లీలకని వచ్చి షట్టర్ జూసి పోతున్నరు. వైన్సులైతే నెల కిందనే తెరిసిన్రు. ఈ దేశంల ఇంక మూసున్నయి రెండే. ఒకటి బడి, ఇంకోటి మా అమ్మ గేటు."

"తెరువుండ్రి. తెరిసి సావుండ్రి. కేసులు ఎట్ల పెరుగుతున్నయో సూస్తలెవ్వా?"

ఎదురింటి బాల్కనీ నుంచి సాంబయ్య తలదూర్చాడు. రిటైరైనప్పటి నుంచి ఆయనకు వీధే ఆఫీసు. "రోగమొస్తే బతికినా బతుకుతం సక్కక్కా. పొయ్యి ఎలగకపోతే ఎట్ల బతుకుతరు?"

"నీకు పింఛన్ వస్తది, నువ్వు మాట్లాడకు సాంబన్నా! లోపట పిలగాండ్ల తల్లి కావలసింది ఉన్నది నాకు."

"గదే అంటున్న," అన్నాడు భూపాల్ గొంతు తగ్గించి. "త్రివేణిని ఈ నెల దవాఖానాకు సుత పోనియ్యకపోతివి. నొప్పులొస్తే? అప్పుడన్న తీస్తవా గేటు?"

సక్కుబాయి తాళంచెవిని ఇంకా లోపలికి దోపుకుంది. కొడుక్కి చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఏమని చెప్పాలి? చచ్చినదానికి నేనే రమ్మని చెప్పానని చెప్పాలా?

ఎనిమిదో తారీఖున భూపాల్ ఆమె మాట వినలేదు. షట్టర్ తాళం అతని దగ్గరే ఉంది. తెల్లారే గోడ దూకి, వీధివైపు నుంచి షట్టర్ ఎత్తాడు, చీపురు పట్టాడు, రెండు బకెట్ల నీళ్లు కొట్టి సున్నం గుండ్రాలు కడిగేశాడు.

"ఏం జేసినవురా!" సక్కుబాయి పైనుంచి కేక పెట్టింది. "గీతలు చెరిపితే ఆగుతదారా!"

"ఎవలు అమ్మా?"

"...రోగం."

ఆ రోజు నుంచి ఆమెకు రూతు ఎక్కడ నిలబడిందో తెలియలేదు. గుండ్రాలు లేవు. ఫ్యాక్టరీల పొగ మళ్లీ మొదలైంది, ఆ మందుల కంపులో డెట్టాలు తెలియలేదు. మూసి ఉన్నప్పుడు భయానికి ఒక జాగా ఉండేది. తెరిచాక అంతటా భయమే.

వానలు పడ్డాయి. జూన్ చివర్లో ఒక మధ్యాహ్నం మబ్బు కమ్మి, ఇంట్లో లైట్లు వేసుకోవాల్సి వచ్చింది. అప్పుడే త్రివేణి గోడ పట్టుకుని కూలబడింది.

"అత్తమ్మా... ఉమ్మనీరు పోయింది."

భూపాల్ హోటల్ ఎక్కడిదక్కడ వదిలేసి ఆటో కోసం పరుగెత్తాడు. సక్కుబాయి కోడల్ని పట్టుకుని ఒక్కో మెట్టూ దింపింది. మెట్ల కింద గది ముందుకొచ్చేసరికి కరెంటు పోయింది.

వాన చప్పుడు. త్రివేణి మూలుగు. ఇంకేం లేదు.

తర్వాత...

టింగ్. టింగ్.

సక్కుబాయి గేటు రేకు సందులోంచి చూసింది. వీధంతా నీళ్లే. అన్ని పాదాలూ తడి పాదాలే. దేన్నని గుర్తుపడుతుంది?

"ఎవలు?" అంది. మళ్లీ అంది. "ఎవలు...?"



"తాళం తియ్యి అత్తమ్మా," త్రివేణి ఆమె చెయ్యి గోళ్లు దిగేలా పట్టుకుంది. "నీ కాళ్లు మొక్కుత. బిడ్డ ఆగేటట్టు లేదు."

తాళంచెవి బొడ్డు దగ్గర మంచుముక్కలా తగిలింది. తీస్తే... వస్తుంది. తీయకపోతే ఇక్కడే, ఈ గచ్చు మీదే, తల్లీ బిడ్డా... ఆ ఏప్రిల్‌లోనూ ఇదే గేటు. ఇదే తాళం. అప్పుడు బయట ఉన్నది మాత్రం పరాయిది.

"అమ్మా! తాళం!" భూపాల్ గొంతు. వెనక ఆటో చప్పుడు.

సక్కుబాయి తన చేతులతో తనే గేటు తీసింది.

బయట భూపాల్. ఆటో. వాన. ఇంకెవరూ లేరు. అతని చేతుల్లో టిఫిన్ డబ్బా కాదు కదా, గొడుగు కూడా లేదు.

ఆటోలో భూపాల్ ముందు కూర్చున్నాడు. వెనక త్రివేణి ఒక మూలకు జరిగింది, సక్కుబాయి ఇంకో మూలకు. మధ్యలో ఒక మనిషి పట్టేంత జాగా మిగిలింది. హబ్సిగూడ దాటేదాకా నొప్పులు తింటూ కూడా త్రివేణి ఆ జాగాలోకి కాలు చాపలేదు.

కాన్పు గదిలోకి ఎవరినీ రానివ్వలేదు. లోపలున్నవాళ్లంతా తల నుంచి కాళ్ల దాకా తెల్లటి కవర్లే, కళ్లు తప్ప కనపడవు. చీకటి పడేలోపే ఆడపిల్ల పుట్టింది.

మర్నాడు వార్డులో త్రివేణి నవ్వుతూ అంది. "అబద్ధం జెప్పిన్రు గద అత్తమ్మా. రూతక్క ఊరికి పోయిందని."

సక్కుబాయి చేతిలో ఫ్లాస్కు మూత కింద పడింది.

"లోపట నా పక్కనే ఉండె. మాస్కు పెట్టుకుంటే గొంతు గుర్తుపట్టనా? చెయ్యి ఇడిసిపెట్టలే. బిడ్డను ఫస్టు ఆమెనే పట్టుకున్నది."

"ఏమ... ఏమన్నది?"

"ఏడ్వకు, ఇంటికి పోదాం అన్నది." త్రివేణి బిడ్డ వైపు చూసింది. "నాతోని కాదు. బిడ్డ చెవుల చెప్పింది."

రెండో రోజు ఇంటికి పంపించేశారు. మిట్టమధ్యాహ్నం, వాన వెలిసి ఎండ చుర్రుమంటోంది. సక్కుబాయి ముందే వచ్చి గేటు దగ్గర నిలబడింది. ఆటో ఆగగానే తొందరపెట్టింది. "నేరుగ రాండ్రి, నేరుగ లోపటికి రాండ్రి."

"కాళ్లకు నీళ్లు?" భూపాల్ ఆగిపోయాడు.

"అక్కర లేదు. రాండ్రి!"

బాలింత కాళ్లకు నీళ్లివ్వకుండా, పసిబిడ్డకు దిష్టి తీయకుండా గడప దాటించిన ఇల్లు ఆ వీధిలో లేదు. బాల్కనీలన్నీ నిండాయి. సాంబయ్య ఊరుకుంటాడా?

"ఏంది సక్కక్కా, ఆడపిల్ల అని నీళ్లకు గూడ కరువా? మేం పోసి పోవాల్నా?"

మళ్లీ అదే వీధి. అవే కిటికీలు. అదే పరువు. చంటిదాని ముఖం మీద ఎండ పడుతోంది. సక్కుబాయి లోపలికి వెళ్లి బోర్లించిన బకెట్ తిప్పింది. నీళ్లు పట్టింది, పసుపు వేసింది, వేపాకు వేసింది. త్రివేణి కాళ్ల మీద పోసింది. ఎర్రనీళ్లు తిప్పి పారబోసింది. పసిదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. పెద్దదిక్కు అనాల్సిన మాట ఒకటుంది. అది అనేదాకా వీధి కదలదు.

"రా తల్లీ. లోపటికి రా."

గడప దాటి వెనక్కి చూసింది. మెట్టు మీద త్రివేణి తడి పాదాలే. ఐదూ ఐదూ పది వేళ్లు. ఇంకెవరివీ లేవు. గచ్చు మీద, మెట్ల కింద, ఎక్కడా లేవు. మెట్ల కింద గదికి తాళం వేసింది వేసినట్టే ఉంది.

సక్కుబాయికి చాలా రోజుల తర్వాత ఊపిరి పూర్తిగా అందింది. అంతా నా మనసు చేసిన పనే అనుకుంది. నొప్పుల మైకంలో కోడలు ఏదో కలవరించింది అనుకుంది. వేణ్నీళ్లు పెట్టి, కాళ్లు చాపుకుని పీట మీద కూర్చుని, బిడ్డకు చుట్టిన గుడ్డ విప్పింది.

ముందు ఎడమ పాదమే చూసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు... ఐదు. చిట్టి చిటికెన వేలు మొగ్గలా ఉంది. దాన్ని ముద్దు పెట్టుకుంది. ఏడుస్తూ నవ్వింది.

ఎడమ చేతికి దవాఖానావాళ్లు తల్లి పేరు రాసి అంటించిన ప్లాస్టర్ ఉంది. మణికట్టు నుంచి చేతి వెనక దాకా వెడల్పుగా చుట్టారు. తడిపి, మెల్లగా ఊడదీసింది.

కింద ఊదారంగు మరక.

తడిగుడ్డతో తుడిచింది. పోలేదు. సబ్బుతో... పోలేదు. కొబ్బరినూనె పెట్టి రుద్దింది. అంత రుద్దినా బిడ్డ ఏడవలేదు. కళ్లు తెరిచి ఆమెనే చూస్తోంది, చాలా ఓపికగా, వంతు వచ్చినదానిలా.

సక్కుబాయి ఆ చేతిని కిటికీ వెలుగులోకి తిప్పింది. అది మరక కాదు. అంకెలు. పుట్టి రెండు రోజులైనా నిండని చేతి మీద, నెల కిందటే దాటిపోయిన తారీఖు.

25-05-2020.