పైవరస ఇళ్ళలో మాటలు

మబ్బు దిగె కొండ దిగె, మాపటేళ దారి దిగె,
దారి పక్క గూటిలోన దాగినమ్మ ఎవ్వరే...

ఆ తర్వాత ఏమిటో తాళాలక్కకి ఎప్పుడూ గుర్తురాదు. చిన్నప్పుడు నెత్తిన కట్టెల మోపులు పెట్టుకుని అక్కాచెల్లెళ్ళిద్దరూ కొండ దిగుతూ పాడుకున్న పాట అది. సరిగ్గా ఇక్కడికొచ్చేసరికి దారం తెగినట్టు తెగిపోయేది. చెల్లెలు ఊరుకునే రకమా! గుర్తులేనిచోట నోటికొచ్చింది అతికించేసి, "ఇదేనే అసలు పాట" అని దబాయించేది. ఇవాళ అతికించింది రేపు ఉండేది కాదు.

ఆ మధ్యాహ్నం పైవరసకి ఎక్కుతున్నప్పుడు కూడా అదే పాట, అదే దబాయింపు. అక్కకి అరవై ఆరు, చెల్లెలికి అరవై రెండు. మోకాళ్ళు కిర్రుమంటున్నా నోళ్ళు మాత్రం పడుచువే.

పైవరస అంటే కొండ అంచున వరుసగా ఉన్న ఆరు చెక్క ఇళ్ళు. చలి ముదిరేలోపు ఆ ఇళ్ళవాళ్ళు సామాను సర్దుకుని పల్లానికి దిగిపోతారు. వెళ్తూ వెళ్తూ తాళంచెవులు పెద్దామె చేతిలో పెడతారు. అందుకే ఆమెకి తాళాలక్క అని పేరు. చెల్లెలి పేరు గలగలమ్మ. ఆ పేరు ఎందుకొచ్చిందో ఆమె పక్కన రెండు నిమిషాలు నిలబడితే ఎవరికైనా తెలుస్తుంది.

చలికి ముందు ఎలుగుబంట్లకి ఆకలెక్కువ. మూసిన ఇంట్లోంచి పిండి వాసనో నూనె వాసనో తగిలిందంటే వాటికి తలుపు అగ్గిపెట్టె అట్టతో సమానం. అయితే మనిషి గొంతు వినబడితే గడప తొక్కవు. రేడియో పెడదామంటే కొండ అడ్డం, గురగుర తప్ప మాట పలకదు. అందుకని ఇంటికొక టేపురికార్డరు కొని పెట్టుకున్నారు. ఒకవైపు అయిపోతే దానంతటదే రెండోవైపు తిరిగే రకం. రోజు విడిచి రోజు అక్కాచెల్లెళ్ళు ఎక్కి సెల్లులు మార్చి వస్తారు.

ఆరు క్యాసెట్లలోనూ గొంతు ఒక్కటే, గలగలమ్మది. గంటసేపు ఆగకుండా మాట్లాడగలిగిన మనిషి ఆ కొండ మీద ఇంకెవరున్నారు? మొదటి ఇంట్లో లేని మొగుణ్ణి తిడుతూ ఉంటుంది. "ఏమండీ, వింటున్నారా? ఎక్కడ వింటారు, చెవులకి తుప్పు పట్టింది!" రెండో ఇంట్లో లేని కోడలికి బుద్ధులు చెబుతుంది. మూడో ఇంట్లో కూరగాయలవాడితో బేరం. నాలుగో ఇంట్లో పక్కింటివాళ్ళతో గోడ తగాదా. పెళ్ళే చేసుకోని మనిషి మొగుణ్ణి ఇంత నిండుగా ఎలా తిట్టగలదా అని విన్నవాళ్ళు ముక్కున వేలేసుకునేవాళ్ళు. తాళాలక్కకి ఆరింటి మాటలూ కంఠతా వచ్చు. ఏ తిట్టు తర్వాత ఏ దగ్గు వస్తుందో కూడా తెలుసు.

ఆ పొద్దున ఫారెస్టు గార్డు వచ్చాడు. తలపండిన మనిషి, ఊరికే భయపెట్టేవాడు కాదు.

"పెద్దమ్మా, చెవి తెగిన ఎలుగుబంటి ఒకటి తిరుగుతోంది. అవతలి కొండ మీద మూడిళ్ళు పగలగొట్టింది. మూడూ మాటలు పెట్టిన ఇళ్ళే. చప్పుడు లేని ఇంటి వంక కన్నెత్తి చూళ్ళేదు. దానికి మాట వినపడితే చాలు, అటే పోతోంది."

"తిండి కోసమేగా?" అంది తాళాలక్క.

గార్డు మెడ గోక్కున్నాడు. "అదే అర్థం కావట్లేదు. పిండి డబ్బా ఒక్కటీ ముట్టలేదు."

"అయితే నా గొంతుకే పడిపోయిందన్నమాట," అంది గలగలమ్మ. "ఈ వయసులో ఒక సంబంధం వచ్చింది బాబూ, చెడగొట్టకు."

గార్డు నవ్వలేదు. "ఆరింట్లోనూ సెల్లులు తీసెయ్యండి. నేను బోను బండితో వెనకే వస్తాను. ఇద్దరూ ఒక్కచోటే ఉండండి."

ఒక్కచోటే ఉండమన్నాడు. పైకెక్కాక చెల్లెలు వింటేనా! "చెరో మూడూ చేస్తే గంటలో తెములుతుందే ముసలీ. నేను ఆ చివర్నుంచి వస్తా, నువ్వు ఈ చివర్నుంచి రా," అని మూడు తాళంచెవులు లాక్కుని చరచరా వెళ్ళిపోయింది.

మొదటి ఇల్లు. తలుపు తీయగానే మూసిన ఇంటి వాసన... పాత దుప్పట్లు, కిరసనాయిలు, చల్లారిన పొయ్యి. గదిలో ఎవరూ లేరు, చెల్లెలు మాత్రం మొగుణ్ణి దులిపేస్తోంది. తాళాలక్క టేపు వెనక మూత తీసి నాలుగు సెల్లులూ గుడ్డసంచిలో వేసుకుంది. మాట సగంలో ఆగిపోయింది. ఆగినాక ఆ గది ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది. తాళం వేసి రెండో ఇంటికి వెళ్ళింది, అక్కణ్ణుంచి మూడో ఇంటికి. కూరగాయలవాడితో బేరం తెగకుండానే ఆగిపోయింది.

బయటికొచ్చేసరికి పొగమంచు దిగింది.

పొద్దు ఇంకా ఉంది, కానీ చూపు లేదు. చెయ్యి చాస్తే వేళ్ళు కనబడటం లేదు. మంచు తడిసిన ఉన్నిలా ముక్కుకి అడ్డం పడుతోంది. చెవులు రిక్కించింది. ఆ చివరి మూడిళ్ళూ కూడా నిశ్శబ్దంగా ఉన్నాయి. చెల్లెలి పనీ అయిపోయినట్టే.

"చెల్లీ!" అని పిలిచింది.

జవాబు లేదు. చెల్లెలు జవాబివ్వకపోవడమా! అది పుట్టాక ఇలా ఎన్నడూ జరగలేదు.

"చెల్లీ... ఎక్కడున్నావే?"

అప్పుడు వెనకనుంచి, తాను తాళం వేసి వచ్చిన మొదటి ఇంట్లోంచి...

"ఏమండీ, వింటున్నారా?"

తాళాలక్కకి ముందు నవ్వొచ్చింది. పిల్లచేష్టలు పోలేదు దీనికి, వెనకనుంచి చుట్టూ తిరిగొచ్చి ఆటపట్టిస్తోంది అనుకుంది. గోడ తడుముకుంటూ వెళ్ళింది. తలుపుకి తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి తన నడుముకే ఉంది. తీసి లోపలికెళ్ళింది. టేపు బల్ల మీదే ఉంది. మూత తీసే ఉంది. సెల్లులుండే గుంట ఖాళీ.

గదిలో ఎవరూ లేరు. మాట ఆగిపోయింది.

గుడ్డసంచి తడుముకుంది. పన్నెండు సెల్లులూ అందులోనే ఉన్నాయి.

"కోడలా, ఆ గిన్నె అక్కడ పెట్టకు..." ఈసారి రెండో ఇంట్లోంచి.

తర్వాత మూడో ఇల్లు. తర్వాత నాలుగు, ఐదు, ఆరు. ఒకదాని తర్వాత ఒకటి, ఎవరో నడుచుకుంటూ వెళ్ళి దీపాలు వెలిగించినట్టు. పొగమంచు నిండా చెల్లెలి గొంతే. తిడుతోంది, బేరమాడుతోంది, నవ్వుతోంది, దగ్గుతోంది. ఇన్నేళ్ళూ నవ్వుకున్న మాటలు ఇప్పుడు ఆమె ఎముకల్లోకి చల్లగా దిగుతున్నాయి.

తాళాలక్క దారి మధ్యలో నిలబడిపోయింది. ఇన్ని గొంతుల్లో తన చెల్లెలు ఏది? ఎక్కడో కాలు జారి పడి పిలుస్తోందేమో. ఎలుగుబంటి ఎదురై అరుస్తోందేమో. ఇంత గోలలో ఆ ఒక్క అరుపూ కలిసిపోతే?

కళ్ళు మూసుకుంది. కంఠతా వచ్చిన మాటలన్నీ ఒక్కొక్కటే పక్కకి నెడుతూ వింది. ఇది క్యాసెట్‌లోది... ఇదీ క్యాసెట్‌లోదే... ఈ దగ్గు కూడా...

"అక్కా. ఇటు రా."

ఈ మాట ఏ క్యాసెట్‌లోనూ లేదు.

చివరి ఇంట్లోంచి వచ్చింది. వస్తున్నా అనబోయింది, కానీ ఆ మాట నోటిదాకా రాలేదు. కాళ్ళు మాత్రం పరుగెత్తాయి. రాళ్ళు తగిలి బొటనవేలు చిట్లింది. అయినా ఆగలేదు. ఆరో ఇంటి గుమ్మం ముందుకొచ్చి ఠక్కున నిలబడిపోయింది.

తలుపు ఒక్క బందు మీద వేలాడుతోంది. చెక్క మీద నాలుగు గీతలు, వేలు పట్టేంత లోతు. లోపలినుంచి వాసన... తడిసిన బొచ్చు, కుళ్ళిన ఆకులు.

"లోపలికి రా అక్కా," అంది చెల్లెలి గొంతు. "నేనొక్కదాన్నే ఉన్నాను."

తాళాలక్క గుమ్మం ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదో ఆమెకే తెలియదు. చెల్లెలు ఏనాడూ అంత నెమ్మదిగా పిలవలేదు, అంతే. ఊపిరి బిగబట్టి పక్కకి జరిగి, కిటికీ అద్దం మీద మంచు అరచేత్తో తుడిచి చూసింది.

ఎలుగుబంటి గది మధ్యలో కూర్చుని ఉంది. తెగిన చెవి ఇటువైపే. పక్కన పిండి బస్తా ముడి విప్పకుండా అలాగే ఉంది. దాన్ని ముట్టలేదు. ఎదురుగా గోడ వైపు చూస్తూ, తల ఒకపక్కకి వాల్చి... వింటోంది. వణుకుతోంది కూడా. గోడ దగ్గర టేపు, మూత తీసి, ఖాళీగా.

పైన అటక మీద చెల్లెలు. నిచ్చెన కింద విరిగి పడుంది. కుక్కిన పేనులా మూలకి నక్కి, రెండు చేతులతోనూ తన నోరు మూసుకుని ఉంది. గట్టిగా, గోళ్ళు బుగ్గల్లో దిగేంత గట్టిగా. కిటికీలో అక్కని చూసి కళ్ళు పెద్దవి చేసింది. వద్దు, వద్దు అని తల అడ్డంగా ఊపింది.

"రావేం అక్కా?" అంది ఆమె గొంతు, గదిలోంచి. "తలుపు తీసే ఉంది."

ఆ క్షణంలో తాళాలక్క పైప్రాణాలు పైనే పోవాల్సింది. కానీ అటక మీద ఉన్నది ఒక్కగానొక్క చెల్లెలు. భయపడటానికి కూడా తీరికుండాలి కదా. గార్డు అన్న మాట బుర్రలో తిరిగింది: దానికి మాట వినపడితే చాలు, అటే పోతోంది. మాటే కావాలి. మనిషి మాట, అసలైన మాట.

అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి జరిగి, తర్వాత పరుగున మూడో ఇంటికి వచ్చింది. తన దగ్గర తాళంచెవి ఉన్న ఇళ్ళలో అదే దగ్గర. తాళం రెండుసార్లు చేతిలోంచి జారింది. సెల్లు ఒకటి తలకిందులుగా పడింది, మళ్ళీ తీసి పెట్టింది. గొంతు పెంచే మీట చివరిదాకా తిప్పి, బొత్తాం నొక్కింది.

"కిలో వంకాయలకి ఇంత చెబుతావా, నీ ఇల్లు బంగారంగానూ!"

మిగిలిన ఐదిళ్ళూ ఒక్కసారిగా ఆగిపోయాయి.

ఆగిపోయి... వింటున్నట్టు.

కూరగాయల బేరం ఒక్కటే మంచులోకి వెళ్తోంది. కాసేపటికి చూరు వణికింది. బరువైన అడుగులు. రాళ్ళు దొర్లుతున్నాయి. గురక. వాసన. తాళాలక్క పెరటి తలుపు తీసుకుని బయటపడి, కట్టెల పేర్పు వెనక కూర్చుంది. ముందు తలుపు ఫెళ్ళున విరిగింది. తర్వాత లోపల ఏ చప్పుడూ లేదు, బేరం తప్ప.

ఆమె మళ్ళీ ఆరో ఇంటికి ఎలా వెళ్ళిందో, బల్ల మీద బల్ల వేసి చెల్లెల్ని అటక మీదనుంచి ఎలా దించిందో ఆమెకే తెలియదు. చెల్లెలు నోటి మీద చేతులు తీయలేదు. భుజం పట్టుకుని నడిపిస్తుంటే నడిచింది. సగం దారిలో గార్డు ఎదురయ్యాడు. వెనక బండి మీద బోను.

"ఏమైంది పెద్దమ్మా? గంటనుంచీ మీ గొంతులు కిందిదాకా వినబడుతున్నాయి. మీ ఇద్దరూ ఒకరినొకరు పిలుచుకుంటూనే ఉన్నారు."

"ఇద్దరమా?" అంది తాళాలక్క. ఆమె పిలిచింది రెండే రెండు సార్లు.

ఎలుగుబంటి ఆ సాయంత్రమే బోనులో పడింది. గార్డు తర్వాత చెప్పాడు, అది తనంతట తనే నడిచొచ్చి బోనులోకి ఎక్కిందట. తలుపు పడ్డాక పెనుగులాడలేదట. పైవరస వైపు వీపు పెట్టి, రెండు ముందుకాళ్ళూ తల మీద పెట్టుకుని పడుకుందట. దాన్ని మూడు కొండల అవతల వదిలారు. అది మళ్ళీ ఏ ఇంటికీ రాలేదు.

పైవరసవాళ్ళు మాత్రం ఆ తర్వాతి చలికి టేపులు పెట్టలేదు. పెట్టాల్సిన అవసరం రాలేదంటారు. ఏ ఎలుగుబంటీ ఆ వరస దగ్గరికి రావడం లేదు.

గలగలమ్మని డాక్టరు చూశాడు. గొంతు శుభ్రంగా ఉంది, ఏ దెబ్బా లేదన్నాడు. మరి ఎందుకు మాట్లాడదంటే తెలియదన్నాడు. తింటుంది, నవ్వుతుంది, అక్క కాళ్ళు పడుతుంది. మాట మాత్రం లేదు. ఆరు క్యాసెట్లూ తెచ్చి వినిపిస్తే ఎవరిదో గొంతులా వింటుంది.

ఆఖరుసారి ఆమె మాట్లాడింది ఆ సాయంత్రమే, ఇంట్లో, పొయ్యి దగ్గర. తాళాలక్క వేణ్ణీళ్ళు కాచి, ఆమె చేతులు ఒక్కొక్కటే నోటి మీదనుంచి తీసింది. బుగ్గల మీద గోళ్ళ గాట్లు నెత్తురు చిమ్ముతున్నాయి. చెల్లెలు అక్క నోటివంకే చాలాసేపు చూసింది, అందులోంచి ఏ గొంతు వస్తుందో అని భయపడుతున్నట్టు. తర్వాత చెవి దగ్గరికి జరిగి, గుసగుసగా అంది.

"నిన్ను నా గొంతుతో పిలిస్తే నువ్వు పలకలేదు. మంచిపని చేశావక్కా. నన్ను నీ గొంతుతో పిలిచింది... నేను పలికాను."