దొరకని తాళంచెవి

అబద్ధమనుకునేవాళ్లు ఇప్పుడే లేచి పోవచ్చు! చివరిదాకా కూర్చుని ఆనక నోరెళ్లబెడితే ఒప్పుకునేది లేదు. కొత్తరేవులో ఉభయభారతి చేసిన తాళం లాంటిది పద్నాలుగు లోకాల్లో లేదు.

ఆ ఊరి కొండ కింద గోతినిండా నలభయ్యేళ్ల ఫ్యాక్టరీ విషం. దాన్ని శాశ్వతంగా మూసేయాలి. చట్టమేమో ప్రతి తాళానికీ తాళంచెవి ఉండి తీరాలంటుంది. ఉభయభారతి గణితంలో అసాధ్యురాలు. లేని తాళంచెవిని తయారుచేసింది! నలభై మూడు లక్షల అంకెల ప్రైమ్ నంబర్ ఒకటి పట్టింది. తిండీ నిద్రా మాని సెకనుకో అంకె చదివినా యాభై రోజులు! దాన్ని తాళంలో పెట్టింది. ఒకటీ, తానూ కాక ఇంకే సంఖ్య దాన్ని శేషం లేకుండా భాగించినా తలుపు తెరుచుకుంటుంది. రెండు, మూడు, ఐదు... తాళంలోని యంత్రమే వెతుకుతూ ఉంటుంది, సూర్యుడు చల్లారేదాకా.

గోతి కాపలాదారు నూకరాజు పెళ్లాం దానమ్మ అడిగింది.

"తాళమన్నాక సెవుండదేటమ్మా?"

"ఉంటుంది దానమ్మా. దొరకదంతే."

"మరి మా ఆయన దగ్గు ఆగుతాదా?"

"ఆగుతుంది. నాదీ పూచీ."

ప్రారంభోత్సవం రోజు ఫ్యాక్టరీ చైర్మన్ గరుడాచలం రిబ్బన్ కత్తిరించి, మీట నొక్కి, ఉభయభారతి వైపు వంగాడు.

"నీ సంఖ్యలో అంకెలన్నీ ఒంటి అంకె వచ్చేదాకా కూడిస్తే ఎనిమిదొచ్చిందమ్మా. శనిది! నిన్న మనవాళ్లచేత మధ్యలో ఓ అంకె పెంచి తొమ్మిది చేయించా. నా కారు నంబరూ అంతే."

"తొమ్మిదొస్తే మూడు భాగించేస్తుందండీ! ఐదో క్లాసు లెక్క!"

"నలభై మూడు లక్షల్లో ఒక్కటమ్మా. ఏం కొంపలు మునుగుతాయి?"

ఆపే మీట లేదు. ఎవరూ ఆపలేని తాళమని చెప్పుకోవడానికి ఆవిడే పెట్టలేదు.

యంత్రం రెండుతో భాగించింది. శేషం ఒకటి. మూడుతో భాగించింది. శేషం సున్నా. సూర్యుడు చల్లారేదాకా ఉండాల్సిన తలుపు వెన్నలా తెరుచుకుంది.

వేదిక మీదివాళ్లు కార్లెక్కారు. నూకరాజు కాపలాదారు కదా, తలుపు మూయడానికి పరిగెత్తాడు. అతని దగ్గు అక్కడితో ఆగింది.

సంఖ్యలో లోపం, సంఖ్య ఉభయభారతిది అని విచారణ కమిటీ తేల్చింది. ఇప్పుడా గోతికి మామూలు తాళంకప్ప. చెవి చైర్మన్ జేబులో.

ఉద్యోగం పోయిన ఉభయభారతి దానమ్మ గడప ముందు నిలబడింది. దానమ్మ తిట్టలేదు.

"దొరకదన్నావు గదమ్మా. ఎన్నోదానికి దొరికిందేటి?"

"రెండోదానికి."

కోతలంటారా? వెళ్లి అడగండి. కొత్తరేవు, గొయ్యి వీధి, మైలపల్లి దానమ్మ.