తువ్వాలు కింద

పక్షవాతం వచ్చాక నా కుడిచెయ్యి పిడికిలి బిగించుకుని కూర్చుంది. సూది గుచ్చినా దానికి తెలియదు. ఇంటికొచ్చే ఫిజియో ముంజేతికి రెండు అతుకుబిళ్ళలు అంటించి, వాటి తీగల్ని ఒక చిన్న పెట్టెకు కలిపేవాడు.

అదెలా పనిచేస్తుందో చెబుతాను, కష్టమేమీ కాదు. మామూలుగా వేళ్ళు తెరవమని మెదడు చెబుతుంది, నరం ఆ మాట మోసుకెళ్తుంది. నాకు ఆ దారి మధ్యలో తెగింది. పెట్టె బయటినుంచి కొంచెం కరెంటు పంపి నరాన్ని తట్టి లేపుతుంది. వేళ్ళు తెరుచుకుంటాయి. కరెంటు ఆగితే ముడుచుకుంటాయి. తెరుచుకునేటప్పుడు మనమూ మనసులో ‘తెరు’ అనుకోవాలి. అనుకోగా అనుకోగా దారి మళ్ళీ పడుతుందని ఆశ.

చెయ్యి జారకుండా ఒక చెక్కమీద పెట్టి పట్టీ బిగించేవాళ్ళు. చలికి కండరం బిగుసుకోకుండా పైన వెచ్చటి తువ్వాలు కప్పేవాళ్ళు.

“టీచర్‌గారూ, ఇంత మొండి విద్యార్థి నాకెప్పుడూ తగల్లేదు,” అన్నాడు ఫిజియో. “రేపు నేనొచ్చేసరికి కాస్తయినా పట్టు రాకపోతే పెట్టె తీసుకెళ్ళాలి. వేరేవాళ్ళు ఎదురుచూస్తున్నారు.”

“మొండిపిల్లలు నాకు కొత్తా నాయనా,” అని పైకి నవ్వాను. పెట్టె పోతే చెయ్యీ పోయినట్టే. జుట్టు ముడి వేసుకోవాలన్నా ఇక బతికినన్నాళ్ళూ కూతుర్ని పిలవాలి.

ఆ మధ్యాహ్నం అమ్మాయే అన్నీ అమర్చింది. “అమ్మా, మందులు తెచ్చేస్తాను. తలుపుకి బయట తాళం వేస్తున్నా, ఎవరొచ్చినా నువ్వు లేవక్కర్లేదు. పెట్టె దానంతటదే ఆగాక మళ్ళీ నొక్కకు.”

“నాకే పాఠాలు చెబుతున్నావా? వెళ్ళవే.”

అది వెళ్ళింది. పెట్టె ఆగింది. మళ్ళీ నొక్కాను. పాఠం రానివాళ్ళ చేత రెండోసారి చేయించడం నాకు అలవాటు.

వాన పట్టింది. గది మసకబారింది. ఇంట్లో కరెంటు పోయింది. పెట్టెకు బ్యాటరీ ఉంది కాబట్టి దాని పచ్చదీపం వెలిగి ఆరుతూనే ఉంది. తువ్వాలు లేస్తోంది, దిగుతోంది.

నోటితో ఎంత చెప్పినా అక్షరం రాని పిల్లలకు నేను చెయ్యి పట్టి దిద్దించేదాన్ని. అది గుర్తొచ్చి, “నాకూ ఎవరైనా చెయ్యి పట్టి దిద్దిస్తే బాగుండును,” అని పైకే అన్నాను.

కాసేపటికి ఒక వాసన. తడి పలక వాసన. పిల్లలు ఉమ్మితో తుడిచిన పలక.

తువ్వాలు లేచింది. మళ్ళీ పూర్తిగా దిగలేదు. నా వేళ్ళు దేనిమీదో ముడుచుకున్నాయి.

చల్లగా ఉంది. సూది తెలియని చేతికి... చలి తెలిసింది.

ఎడమచేత్తో పెట్టె ఆపేశాను. దీపం ఆరింది. చెయ్యి ఆగలేదు. పట్టీ కిందే మెల్లగా తిరుగుతోంది. గుండ్రంగా, పైకి, పక్కకి. ఎన్నో ఏళ్ళు దిద్దించిన భుజం నాది, ఆ తిరుగుడు ఏమిటో పోల్చుకుంది. అ. మళ్ళీ అ.

భయమేసినా, ఒక్క క్షణం సంతోషించాను. ఎవరో నాకు నేర్పుతున్నారనుకున్నాను.

తువ్వాలు తీశాను.

ఏమీ లేదు. నా వేళ్ళు మాత్రం పూర్తిగా ముడుచుకోలేదు. లోపల ఒక చిన్న పిడికిలి పట్టేంత ఖాళీ ఉంది. పైనున్నది నా చెయ్యి. అంటే దిద్దిస్తున్నది నేను. దిద్దుతున్నది...

పట్టీ ఊడదీశాను. లాగాను. చెయ్యి చెక్కను వదిలి రాలేదు. లేద్దామంటే కాలు నిలవదు. తలుపుకి తాళం.

“చాలు తల్లీ,” అన్నాను, గొంతు తగ్గించి. “ఇక వెళ్ళు.”

నా మోచేతి దగ్గర ఎవరో ఊపిరి పీల్చారు.

“ఇంకోటి.”

“రాశావుగా. చాలు.”

నా వేళ్ళ కణుపులు పటపటమన్నాయి.

“ఇంకోటి... టీచర్.”

రాయించాను. భుజం పీకుతున్నా రాయించాను. తాళంచెవి తిరిగిన చప్పుడు వినబడేదాకా రాయిస్తూనే ఉన్నాను. అప్పుడు పిడికిలి పూర్తిగా మూసుకుంది.

అమ్మాయికి చెప్పలేదు. చెబితే మతి కూడా పోయిందంటుంది.

మర్నాడు ఫిజియో వచ్చేసరికి కుడిచేతిని ఒళ్ళో దుప్పటి కింద దాచుకున్నాను. ఎడమచేత్తో గట్టిగా అదిమి పట్టుకున్నాను.

“పెట్టె తీసుకెళ్ళిపో నాయనా. నాకొద్దు.”

“అలా అంటే ఎలా? ఒక్కసారి పట్టు చూడనివ్వండి,” అన్నాడతను. చెక్కమీద తువ్వాలు పరిచే ఉంది. అటు తిరిగి పెట్టె సరిచేసుకుంటూ, వెనక్కి చూడకుండా తువ్వాలు కిందికి చెయ్యి పోనిచ్చాడు. “ఊఁ, నొక్కండి. అబ్బో, భలే పట్టు వచ్చిందే.”

అమ్మాయి వంటింట్లోంచే అడిగింది. “నిజంగానా? అయితే పెట్టె ఉంచుతారా?”

“ఉంచుతానండీ. సరే టీచర్‌గారూ, ఇక వదలండి.”

నేను కదలలేదు.

“వదలండి... నొప్పిగా ఉంది.”

నా చెయ్యి నేనింకా దుప్పటిలోంచి తియ్యనే లేదు.