నుదుటి రూపాయి

వారమంతా కంప్యూటర్‌కి కళ్ళప్పగించే క్రిస్టోఫర్, శనివారం వస్తే చాలు, భూతద్దం పట్టుకుని పాత వెండి నాణేల ముందు కూర్చునేవాడు. నల్లగండ్లలో వాళ్ళ ఫ్లాట్‌లో ఒక గది మొత్తం వాటికే.

ఆ శనివారం సాయంత్రం ముసురు పట్టింది. భార్య సెలీనా నర్సు, ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. ఆరేళ్ళ బ్లెస్సీ పక్క గదిలో నిద్రపోతోంది. జేసీబీ నడిపే యాదయ్య మధ్యాహ్నం గేటు దగ్గర ఇచ్చి వెళ్ళిన రూపాయిని క్రిస్టోఫర్ లైటు కింద తిప్పి చూశాడు. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం కాలపు వెండి రూపాయి. దాని కోసం ఏళ్ళ తరబడి వెతికాడు. అక్షరాల సందుల్లో పసుపు గట్టిపడి ఉంది. సూదిమొనతో గీకబోయి, ఎందుకో ఆగాడు.

ఇక కుదురుగా కూర్చోలేకపోయాడు. కిటికీ మూశాడు. మళ్ళీ తెరిచాడు. రెండుసార్లు సబ్బుతో కడిగినా వేళ్ళకి తడిమట్టి వాసన పోలేదు.

కరెంటు పోయింది.

జనరేటర్ అందుకునే లోగా... నేల మీద బిళ్ళ దొర్లుతున్న చప్పుడు. గుండ్రంగా తిరుగుతోంది. తిరుగుతూ దూరమవుతోంది... ఆగింది. పడిన చప్పుడు మాత్రం రాలేదు.

లైటు వెలిగింది. బల్ల మీద రూపాయి లేదు.

కుర్చీ కింద వెతికాడు. తలుపు వారగా వెతికాడు. పక్క గదిలోకి తొంగిచూశాడు.

ఎప్పుడూ బోర్లా ముడుచుకుని పడుకునే పిల్ల వెల్లకిలా ఉంది. చేతులు రెండూ ఒంటికి ఆనించి, తిన్నగా. నుదుటి మధ్య రూపాయి.

తీశాడు. మంచుగడ్డలా ఉంది. పిల్ల నుదురూ అంతే.

"బ్లెస్సీ... అమ్మా..."

కళ్ళు తెరవలేదు. ఊపిరి ఆడుతోంది. ఆగి... ఆగి.

యాదయ్యకి ఫోన్ చేశాడు. "ఆ రూపాయి ఎక్కడ దొరికింది?"

"మీ వెనక సందుల, సెల్లార్ గుంతల సార్. చెప్పిన గద."

"గుంతలో ఎక్కడ?"

యాదయ్య గొంతు తగ్గించాడు. "పుర్రె ఎల్లింది సార్. దాని నుదుటికి అతుక్కొని ఉండె. పరేషాన్ అయితరని చెప్పలె."

అప్పుడే సెలీనా తలుపు తీసుకుని వచ్చింది. పిల్ల నాడి పట్టుకోగానే ఆమె ముఖం పాలిపోయింది.

"అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యి. ఇప్పుడే వస్తా," అంటూ క్రిస్టోఫర్ మెట్ల మీదుగా పరుగెత్తాడు.

గుంత నిండా వాననీళ్ళు. అంచున నిలబడి, "ప్రభువా" అనుకుంటూ రూపాయిని నడిమధ్యకి విసిరాడు. నల్లటి నీళ్ళు దాన్ని మింగేశాయి. మరుక్షణం జేబులో ఫోన్ మోగింది.

"లేచిందండీ," అంది సెలీనా. "మంచినీళ్ళు అడిగింది."

ఏడుస్తూనే ఇల్లు చేరాడు. బ్లెస్సీ దిండుకి ఆనుకుని, గ్లాసు రెండు చేతులా పట్టుకుని నీళ్ళు తాగుతోంది. దగ్గరికి తీసుకుని నుదురు ముద్దు పెట్టుకున్నాడు. వెచ్చగా ఉంది.

సెలీనా మాత్రం మంచం కాళ్ళ వైపు నిలబడి ఉంది, చేతిలో కత్తెరతో.

"ఇటు చూడండి," అని దుప్పటి మెల్లగా ఎత్తింది.

పిల్ల కాళ్ళ బొటనవేళ్ళు రెండూ కలిపి తెల్లటి నూలుదారంతో కట్టి ఉన్నాయి.

"రెండుసార్లు కత్తిరించాను," సెలీనా గుసగుసలాడింది. "నేను చూస్తుండగానే మళ్ళీ..."