కంపెనీ మనిషి మెడలో దేశం బ్యాడ్జీ

"నర్సు ఈ రోజు నోరు విప్పకూడదన్నది వాళ్ళ ప్లాన్. విప్పాలన్నది మన ప్లాన్," అన్నాడు చీఫ్, కాఫీ కప్పు మీంచి కళ్ళెత్తకుండా. "గని కంపెనీ మీద మిగిలిన సాక్షి ఆవిడొక్కతే. ఆవిడ మాట్లాడకపోతే కేసు ఇవాళే మూసేస్తారు."

ఏజెంట్ నిట్టూర్చాడు. అతని కోడ్‌నేమ్ చిరుత. మోకాళ్ళు అరిగిపోయి చాలా కాలమైంది గానీ, పేరు మార్చే తీరిక ఆఫీసులో ఎవరికీ లేదు.

"కంపెనీ వాదన ఏంటి సార్?"

"పాత పాటే. అంతర్జాతీయ మానవ హక్కుల చట్టం ప్రభుత్వాలకి, మాది వ్యాపారం, మా మెడకి చుట్టొద్దు అంటారు. ఎక్కడ గని తవ్వినా, ఏ ఏరు విషమైనా అదే మాట."

దేశాల ప్రతినిధులు కూర్చునే అంతర్జాతీయ విచారణ హాల్లో చిరుత నీళ్ళ సీసాలు సర్దేవాడి యూనిఫాంలో నిలబడ్డాడు. నడుం పీకేస్తోంది. మణికట్టుకు విషాన్ని పసిగట్టే వాచీ ఉంది. బడ్జెట్ కోత పడ్డాక అది టైం చూపించడం మానేసింది.

పచ్చ సిల్కు కోటు, ఎత్తు మడమల చెప్పులు, మనిషికంటే ముందొచ్చే సెంటు. కంపెనీ లాయరు అతని పక్కన ఆగింది.

"ఏసీ మరీ ఎక్కువైంది కదూ?"

"స్వెటర్ ఇంట్లో మర్చిపోయానండి."

కోడ్ కలిసింది. ఆవిడకు జీతం కంపెనీ ఇస్తుంది, ఆవిడ మాత్రం సమాచారం చీఫ్‌కి ఇస్తుంది.

"మా సెక్యూరిటీ ఆఫీసర్ గ్యాలరీలో లేడు. హాల్లోకి దిగాడు," అంది మెల్లగా.

"కంపెనీవాళ్ళని కిందికి రానివ్వరుగా?"

"దేశ ప్రతినిధుల్ని రానిస్తారుగా. మేం గనులు తవ్వుకునే ఒక చిన్న దేశం తన ప్రతినిధిగా అతనికి బ్యాడ్జీ ఇచ్చింది."

నర్సును పిలిచారు. ఆవిడ లేచింది. బూడిదరంగు సూటు వేసుకుని మెడలో బ్యాడ్జీ తగిలించుకున్న మనిషొకడు మర్యాదగా వంగి మైకు ఆన్ చేసి, నీళ్ళ గ్లాసు ఆవిడ చేతికి అందించాడు.

వాచీ అదిరింది. మోకాళ్ళ సంగతి తర్వాత చూసుకోవచ్చని చిరుత పరిగెత్తాడు. పెదాలకు తగలబోతున్న గ్లాసును చేత్తో కొట్టేసి, సూటువాడి మణికట్టు పట్టుకున్నాడు. అరచేతిలో ఖాళీ విషం సీసా దొరికింది.

"చెయ్యి తియ్," అన్నాడు వాడు. "నేను దేశ ప్రతినిధిని. నేనిక్కడ ఏం చేసినా ప్రభుత్వం తరఫునే."

వాడు ఆన్ చేసిన మైకులోనే అన్నాడు. హాలంతా విన్నది.

విచారణ అధ్యక్షురాలు కళ్ళజోడు తీసింది. "లాయరుగారూ, ఈయన మీ ఉద్యోగా?"

"అవునండి. జీతం మేమే ఇస్తాం."

"అంటే మీరూ, ఆ ప్రభుత్వమూ కలిసే పనిచేస్తున్నారు. ఆ చట్టం మీకెందుకు వర్తించదో ఇక వేరే కారణం వెతుక్కోండి. నర్సమ్మా, నువ్వు చెప్పు."

చిరుత తన సొంత సీసా నర్సుకు ఇచ్చాడు. ఆవిడ తీసుకోలేదు.

"ముందు మీరు తాగండి బాబూ. మా చెల్లెలి బిడ్డ వీళ్ళ గని పక్క నీళ్ళే తాగింది."

అతను రెండు గుక్కలు తాగాడు. అప్పుడు ఆవిడ తాగి, గొంతు సవరించుకుని, బిడ్డ సంగతితో మొదలుపెట్టింది. చిరుత చివరిదాకా నిలబడే విన్నాడు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

బయటికొచ్చి మెట్ల మీద కూలబడి చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"అయితే కంపెనీవాళ్ళు తామూ ప్రభుత్వమేనని ఒప్పుకున్నారన్నమాట," అన్నాడు చీఫ్.

"తప్పించుకోవడానికి మాత్రమే సార్."

"మిగతా ప్రభుత్వాలైనా అంతేగా," అని చీఫ్ ఫోన్ పెట్టేశాడు.