కురిడీ కొట్టులో ఎనిమిదివేల నంబరు తలుపు

అంబాజీపేటలో చీకటి పడ్డాక సుబ్రహ్మణ్యేశ్వరరావుగారి కొబ్బరి గోదాము వైపు ఎవరూ వెళ్ళరు. ఘాట్ రోడ్డులో కునుకు తీస్తూ లారీ నడిపే మొనగాళ్ళు కూడా ఆ పక్క సందులోకి ఒంటికి పోవాలంటే తోడు అడుగుతారట. నేను విన్నదే చెబుతున్నాను.

కారణం పోలయ్య. ఒలవని కొబ్బరికాయని అటక మీద నెలల తరబడి ఆరనిస్తే లోపలి కొబ్బరి ఎండి, పెంకు వదిలేసి, ఊపితే గలగలమంటుంది. అదే కురిడీ. కాయని చెవి దగ్గర పెట్టి ఊపి, అయిందో లేదో చెప్పడం పోలయ్య పని. ఓ రాత్రి ఆ అటక మీదే, చేతిలో కాయతో, ప్రాణం వదిలాడు. పని మాత్రం వదల్లేదని ఊరంతా అంటుంది. రాత్రిపూట ఆ చీకట్లోంచి... గల... గల... గల. బతికున్నప్పుడు పండగపూట కూడా సెలవివ్వని షావుకారు చచ్చాక మాత్రం ఎందుకిస్తాడు?

సరిగ్గా ఆ గోదాము పైనున్న మేడగదిలోనే నాగసతీష్ మకాం పెట్టాడు. అద్దె లేదు, పైగా షావుకారుగారి వైఫై. ఇంజనీరింగు చదివినవాడికి ఈ రెండూ ఉంటే దెయ్యం ఒక లెక్కా?

అతనిది ఆ దగ్గర్లోనే నగరం అనే పల్లెటూరు. గ్యాసు పైపులు పోయే ఊరే, కానీ ఆ పైపుల్లో ఉద్యోగాలు మాత్రం రావు. ల్యాప్‌టాప్‌లో ఇతను చేసే పని వాళ్ళ నాన్న ఆదినారాయణ మాటల్లో చెప్పాలంటే ‘నల్లతెరతో గుసగుసలాడ్డం’. ఆ గుసగుసలు చూసి విసిగిపోయిన నాన్న, దోహాలో ఒక స్టోరులో హెల్పరు పని మాట్లాడేశాడు. పాస్‌పోర్టు అప్పుడే ఏజెంటు బీరువాలోకి చేరింది. కొడుకు కాళ్ళావేళ్ళా పడ్డాక ఒక్క అవకాశం ఇచ్చాడు. షావుకారుగారికి వెబ్‌సైటు చేస్తున్నావుగా, శుక్రవారం పొద్దున్న ఆయన చూసి బాగుందంటే ఇక్కడే ఉండు. లేదా సాయంత్రానికి పెట్టె సర్దుకో.

కథ జరిగింది గురువారం రాత్రి.

అప్పటికే మనవాడు ఒక ఘనకార్యం చేసి ఉన్నాడు. పొద్దున్నే సైటు లింకు షావుకారుగారికి వాట్సాప్‌లో పంపాడు. ఆయన రాజమండ్రిలో ఉన్నారు. లింకు తెరుచుకోలేదు. ఎలా తెరుచుకుంటుంది? సైటు ఇంకా నాగసతీష్ ల్యాప్‌టాప్ దాటలేదు. నల్లతెరలో ఒక లైను కమాండు కొడితే ఆ ల్యాప్‌టాప్‌లోనే ఒక చిన్న సర్వరు లేచి, ఎనిమిదివేల నంబరు తలుపు తీసుకుని కూర్చుంటుంది. అది ఆ ఇంటి వైఫైలో ఉన్నవాళ్ళకే కనపడే తలుపు. దాని అడ్రసు రాజమండ్రిలో ఉన్న మనిషికి పంపడమంటే, మా పెరటి గుమ్మంలోంచి లోపలికి రండి అని అక్కడికి కబురు పెట్టడం. షావుకారుగారు ఫోనులో పెట్టిన చీవాట్లకి మనవాడి చెవులు సాయంత్రం దాకా మండుతూనే ఉన్నాయి.

ఆ మంటలో ఇంకో సంగతి మర్చిపోయాడు. తన ఫోనులో చూసుకోవడం కోసం ఆ తలుపుని వైఫై అంతటికీ తానే బార్లా తెరిచాడు. ఎవరు లోపలికొచ్చినా నల్లతెర మీద ఒక లైను పడుతుంది. వైఫై ఏ ఫోనుకిచ్చిన నంబరు వచ్చింది, ఏ పేజీ అడిగింది, అంతే. మనిషి పేరుండదు.

సైటులో అప్పటికి మొదటి పేజీ పూర్తయింది. కురిడీ పేజీ కూడా చేశాడు కానీ దానికి మొదటి పేజీలోంచి దారి ఇంకా వెయ్యలేదు. అలాంటి పేజీ ఒకటుందని తనకి తప్ప పిట్టక్కూడా తెలియదు. అందులో పెట్టిన ఫోటో ఆఫీసు గోడ మీద దొరికింది. కాయ చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని... పోలయ్య.

ఆ రాత్రి వాన లేదు. కరెంటు పోలేదు. కుక్కలు కూడా ఏడవలేదు. దెయ్యానికి కావలసిన ఏర్పాట్లు ఒక్కటీ లేవు.

నాగసతీష్ చేతులు కీబోర్డు మీద లేవు, ఫ్లాస్కులో టీ వంపుకుంటున్నాడు. నల్లతెర మీద ఒక లైను పడింది.

మొదటి పేజీ.

తన ఫోను వైపు చూశాడు. అది మూల ఛార్జింగులో ఉంది.

కింద, గోదాములో... గల... గల...

ఇంకో లైను పడింది. కురిడీ పేజీ.

టీ ఒలికింది. కంట్రోల్ పట్టుకుని సి నొక్కాడు. సర్వరు ఆగిపోయింది. ఆశ్చర్యం, కింద గలగల కూడా ఆగిపోయింది.

చెమట తుడుచుకున్నాడు. కానీ తెల్లారితే శుక్రవారం. దెయ్యానికి భయపడితే దోహా. ఆంజనేయస్వామిని తలుచుకుని మళ్ళీ కమాండు కొట్టాడు. సర్వరు లేచిందో లేదో, లైను పడింది. మొదటి పేజీ. మళ్ళీ కంట్రోల్ సి. లేపడం, ఎవరో రావడం, ఆపడం... తలుపు తీసి మొహం చూసి మళ్ళీ వేసేసే పిరికివాడి సంసారం అయిపోయింది.

చివరిసారి వేలు జారి సి బదులు జెడ్ మీద పడింది. జెడ్ నొక్కితే సర్వరు చావదు, మూర్ఛపోతుంది. తలుపుకి అడ్డంగా పడి ఉంటుంది. అది అతనికి తెలిసిన పాఠమే కానీ భయంలో చదువు గుర్తొస్తే ఇంకేం? మళ్ళీ కమాండు కొట్టాడు. మిషను ఇంగ్లీషులో తాపీగా జవాబిచ్చింది. ఆ అడ్రసులో ఇప్పటికే ఎవరో ఉన్నారట.

మెట్ల మీద అడుగుల చప్పుడు...

నెమ్మదిగా... ఒక్కో మెట్టూ...

గుమ్మం బయట గల... గల...

"సతీషూ..." గుసగుసగా పిలిచింది గొంతు.

తలుపు తెరుచుకుంది. చీకట్లో ఒక ఫోను వెలుగు, దాని పక్కన ఒక కురిడీ, ఆ రెంటికీ పైన సుబ్రహ్మణ్యేశ్వరరావుగారి మొహం.

"అరవకయ్యా, వీధిలోకి వినపడుద్ది," అన్నారాయన. "ఏంటయ్యా ఇది? లోపలికొచ్చేనో లేదో తలుపేసేస్తున్నావు. ఇప్పుడేమో గుండ్రంగా తిరుగుతానే ఉంది."

సంగతి ఏమిటంటే, పగలంతా లారీల మోతలో కురిడీ గలగల చెవికి ఆనదు. పోలయ్య పోయాక ఇంకొకరి చెవి మీద నమ్మకం లేక, రాత్రిపూట షావుకారుగారే వచ్చి కాయలు ఊపుకుంటున్నారు. లైటు వెయ్యరు. వేస్తే దెయ్యం పోతుంది, దెయ్యం పోతే కాయలూ పోతాయి. జీతం అడగని కాపలావాణ్ణి ఎవరు వదులుకుంటారు? ఇవాళ రాజమండ్రి నుంచి వచ్చి అటక ఎక్కగానే ఆయన ఫోను తన వైఫైని తనే పట్టుకుంది. పొద్దుటి లింకు నొక్కితే సైటు తెరుచుకుంది. చూద్దామని కాయ పక్కన పెట్టేసరికి మూసుకుంది.

నాగసతీష్ సిగ్గుతో చచ్చి, సర్వరుని బతికించాడు. షావుకారుగారు మొదటి పేజీ తీరిగ్గా చూసుకున్నారు. తన పేరు ఒక్క అక్షరం కూడా కుదించకుండా ఈ చివర నుంచి ఆ చివరికి వేసి ఉంది. మనిషి కరిగిపోయారు.

"బాగుందయ్యా. పొద్దున్న మీ నాన్నకి నేనే చెప్తాను, దోహా గీహా ఏం వద్దని. ఒక్కటే మాట. కింద కాయలూపేది పోలయ్యే. ఎవరడిగినా అదే."

"ఆయ్, అలాగేనండి." గుండెల మీంచి దోహా దిగిపోయింది. ఆ ఉత్సాహంలో అడిగేశాడు. "కురిడీ పేజీ కూడా చూసేరు కదండీ, ఫోటో ఎలా ఉందండీ?"

"ఏ పేజీ?" అన్నారు షావుకారుగారు మెట్లు దిగుతూ. "కురిడీ చేతిలో పెట్టుకుని ఫోనులో బొమ్మ చూసుకునే ఖర్మ నాకేంటయ్యా? అయినా మొదటిది దాటనిచ్చేవా నువ్వు?"

గోదాము తలుపు పడింది. స్కూటరు సందు దాటి పోయింది.

నాగసతీష్ నల్లతెర ముందు కూర్చున్నాడు. పైకి జరిపి చూస్తే మొదటి పేజీ లైనూ కురిడీ పేజీ లైనూ ఒకే నంబరు నుంచి వచ్చాయో లేదో తెలిసిపోతుంది. చూసేంత చదువుంది. చూసేంత ధైర్యం లేదు.

కింద... గల... గల...

కొత్త లైను పడింది. కురిడీ పేజీ.

చెయ్యి అలవాటుగా కంట్రోల్ మీదికి వెళ్ళింది. సి మీద వేలు ఆనింది కూడా. నొక్కకుండా మెల్లిగా తీసేశాడు. మొహం మీద తలుపేస్తే, వచ్చినవాళ్ళు మెట్లెక్కి పైకొస్తారని ఇప్పుడే కదా తెలిసింది.