అవతలంటే ఎటువైపు

మా తమ్ముడికి ఆ అమ్మాయి పరిచయమైంది తిట్లతోనే. అదీ వైర్‌లెస్ సెట్లో, పదిమందీ వింటుండగా.

భూకంపం వచ్చాక మా ఊరి బ్యాడ్మింటన్ హాలు సహాయ సామగ్రి డిపో అయిపోయింది. ఒక కోర్టు నిండా దుప్పట్లు, పక్క కోర్టు నిండా బియ్యం బస్తాలు, నెట్టు కట్టే స్తంభం దగ్గర నా మందుల బల్ల. నేను ఫార్మసిస్టుని. మా తమ్ముడు ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పనిచేస్తాడు కాబట్టి, ఏ లారీ ఎటు వెళ్లాలో చూసే పని వాడికిచ్చారు. దాంతో వాడి చేతికో సెట్టూ, నడకకో కొత్త దర్జా వచ్చాయి.

మొదటిరోజే వాడు ఓ పొడుగాటి లారీని కొండమీదికి పంపించాడు. అది మలుపు తిరగలేక అడ్డంగా నిలబడిపోయింది. వెనక అంబులెన్సు ఆగింది, దాని వెనక నీళ్ల ట్యాంకరు ఆగింది. అప్పుడు సెట్లోకొచ్చింది, కొండదారిలో వంతెన దగ్గర డ్యూటీలో ఉన్న ఓవర్‌సియర్ అమ్మాయి.

“డిపోలో కూర్చున్నవాళ్లు మలుపనేది ఎప్పుడైనా చూశారా అండీ?”

మావాడు తగ్గితే కదా. “రోడ్లు వేసేది మీరే కదండీ. కాస్త వెడల్పుగా వేయాల్సింది.”

“వేద్దామనే అనుకున్నాం. ఈలోపు భూకంపం వచ్చి ఉన్న రోడ్డు కూడా పట్టుకుపోయింది.”

హాల్లో బస్తాలు మోస్తున్నవాళ్లంతా ఘొల్లుమన్నారు. మావాడు సెట్టు బల్లమీద పెట్టి, నా మందుల పెట్టెలు సర్దుతున్నట్టు నటించాడు. వాడు సర్దినవన్నీ తర్వాత నేను మళ్లీ సర్దుకున్నాను.

అలా మొదలైంది. సెట్లో పేర్లు వాడకూడదని రూలు, మనిషి ఉన్న చోటే పేరు. ఆ అమ్మాయి ‘వంతెన’, మావాడు ‘డిపో’. రెండ్రోజుల్లో వంతెన గారు, డిపో గారు అయ్యారు. జీపులో ఆమెకి బ్యాటరీలు పంపిస్తే వాటితోపాటు బిస్కెట్ ప్యాకెట్లు వెళ్లేవి. ఇవి లెక్కలో లేవు, వెనక్కి పంపమంటారా అని ఆమె అడిగితే, తరుగు కింద రాసేశానండీ అని వీడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నది లేదు. అయినా ఆమె గొంతు కాస్త బొంగురుపోతే చాలు, జలుబు మాత్రలున్నాయా అక్కా అంటూ నా బల్ల దగ్గర తేలేవాడు. కొండమీద సగం ఊళ్లు పడిపోయి జనం ఆరుబయట ఉంటే వీడికి ఈ సరసాలేంటని ఒకసారి గట్టిగానే అడిగాను. పని ఆగట్లేదు కదక్కా అన్నాడు. నిజమే, ఆగట్లేదు. నేనూ ఊరుకున్నాను. ఊరుకోవడమే నా తప్పు.

ఆ సెట్లో ఒక తిరకాసుంది. బటన్ నొక్కి మనం మాట్లాడుతున్నంతసేపూ ఎదుటివాళ్ల మాట మనకి వినబడదు. ఎదుటివాళ్లు ముగించేదాకా ఆగి, అప్పుడు నొక్కాలి. చిన్నపిల్లలకైనా అర్థమయ్యే సంగతే.

ఆ పొద్దున టార్పాలిన్లూ దుప్పట్లూ నింపిన లారీ బయల్దేరబోతుంటే ఆమె పిలిచింది. మబ్బు పట్టి ఉంది. పైన నాలుగు ఊళ్ల జనం నెత్తిమీద కప్పు లేకుండా ఆ లారీ కోసమే ఎదురుచూస్తున్నారు.

“డిపో గారూ, లారీ సరుకు వంతెన అవతలే దించేయమనండి.”

“అవతలేనా?”

“అవతలే. ఎందుకంటే నిన్న...”

మావాడు బటన్ నొక్కేశాడు. “ఎప్పుడూ అవతలే ఉంటారేంటండీ మీరు. ఒకసారి ఇటు రండి, మనిషెలా ఉంటారో చూస్తాం. మీరు పొడుగా పొట్టా అని ఇక్కడ పందేలు కాస్తున్నారు.”

సెట్లోంచి నవ్వు వినబడింది. “పొట్టేనండీ. వంతెనమీద బరువు తక్కువ పడాలి కదా.”

నేనూ నవ్వుకున్నాను. లారీ వెళ్లిపోయింది.

ఇప్పుడు చెప్తాను, ఏం జరిగిందో. ఆ అమ్మాయి ఉండేది కొండవైపు. అక్కడ నిలబడ్డ మనిషికి అవతలంటే మన ఊరివైపు. డిపోలో కూర్చున్న మనిషికి అవతలంటే కొండవైపు. వంతెన స్తంభానికి ముందురోజు కొత్తగా బీట పడింది, జీపుల్ని మోస్తుంది కానీ నిండు లారీని మోయదు, అందుకని లారీ ఊరివైపే ఆపితే మనుషులతో మోయించుకుంటామని ఆమె భావం. జనాన్ని కూడగట్టడానికి పై ఊరికి వెళ్లింది కూడా. జీపులు తిరుగుతున్నాయి కాబట్టి వంతెనకి అడ్డు పెట్టలేదు. మావాడేమో వంతెన దాటి దించమని డ్రైవరుకి చెప్పాడు. ఇద్దరూ ఒకే మాట అన్నారు, ఇద్దరూ సరే అనుకున్నారు.

లారీ ముందు చక్రాలు కొండవైపు నేలమీదికి ఎక్కాయి. వెనక చక్రాల కింద వంతెన కుంగింది. డ్రైవరుని మేమందరం బాబాయ్ అనేవాళ్లం. బాబాయ్ బయటికి దూకేశాడు కాబట్టి ప్రాణం దక్కింది, కుడి చెయ్యి విరిగింది. లారీ అక్కడే ఒరిగి దారికి అడ్డం పడింది. ఇక జీపు కూడా పోదు.

డిపో ఇన్‌చార్జి గారు మంచివాడే, కోపమొస్తే మాత్రం ముందూ వెనకా చూడడు. లారీని వంతెన ఎక్కించమన్నదెవరని హాలు అదిరేలా అడిగాడు.

మా తమ్ముడు, “వంతెన దగ్గర్నుంచే అలా చెప్పారండి. అవతల దించమన్నారు,” అన్నాడు.

ఇన్‌చార్జి సెట్టు లాక్కున్నాడు. అవతల దించమన్నది నిజమేనా అన్నాడు.

“నిజమేనండి. అవతల అనే చెప్పాను,” అంది ఆ అమ్మాయి.

ఇక ఆయన దులిపేశాడు. నీకు చదువు చెప్పిందెవరన్నాడు, వంతెనకి అటేదో ఇటేదో తెలియనిదానివి ఆ పనిలో ఎలా చేరావన్నాడు, సాయంత్రానికి నీ బదులు ఇంకొకర్ని పంపిస్తాను, సామాను సర్దుకోమన్నాడు. ఆ సెట్టు హాస్పిటల్ క్యాంపులో మోగుతుంది, నీళ్ల క్యాంపులో మోగుతుంది, కొండమీద ప్రతి గుడారంలోనూ మోగుతుంది. ఆమె సరేనండి అని ఊరుకుంది. మా తమ్ముడు నేలమీద కోర్టు గీతల్ని చూస్తూ నిలబడ్డాడు.

తాళ్లూ గడ్డపారలూ తీసుకుని వాణ్ణే వెళ్లమన్నారు. బాబాయ్ చేతికి కట్టు కట్టాలి కాబట్టి నేనూ జీపెక్కాను. దారిలో వాడు చెప్పాడు. ఆమె ‘ఎందుకంటే’ అన్న మాట తను విన్నాడట. విన్నాక కూడా బటన్ నొక్కాడట. తర్వాతైనా, ఇందాకేదో చెప్పబోయారు ఏంటని అడగాలని తోచలేదట. జోకు బాగా పండిందని మురిసిపోతూ కూర్చున్నాడట.

“మరి ఇన్‌చార్జి గారు అడిగినప్పుడు?”

“నేను అబద్ధం చెప్పలేదక్కా.”

“అబద్ధం చెప్పి ఉంటే నాకింత సిగ్గేసేది కాదురా. ఒక్క అబద్ధం కూడా ఆడకుండా ఆ పిల్లని ముంచేశావు.”

జీపు డ్రైవరు రోడ్డుని మరీ శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాడు. నాకు తలకొట్టేసినట్టయింది. వీడికి అక్షరాలు దిద్దించింది నేను, ఎదుటివాళ్లు మాట్లాడేటప్పుడు మధ్యలో దూరకూడదని ఒక్కనాడైనా నేర్పానా? ఆమెకి సారీ చెప్తానన్నాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా నాయనమ్మ ఊరికే అనలేదు.

జీపు వంతెనకి ఇవతలే ఆగింది. కింద వాగులోకి దిగి, తాడు పట్టుకుని దాటాలి. నాకు తొడల్లోతు. అటు ఒడ్డున తాడు బిగించి పట్టుకున్న మనిషిని చూడగానే ఆమే అని తెలిసిపోయింది. పొట్టిదే. మోకాళ్లదాకా బురద, మెడలో సెట్టు, తలకి తువ్వాలు. మావాడు చూస్తూ చూస్తూ రాయిమీద కాలేసి నీళ్లలో పడ్డాడు. ఆమె తాడు లాగి ఒడ్డుకి చేర్చింది.

“మీరేనా డిపో?”

వాడు తలూపాడు. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. సారీ అండీ అని మొదలుపెట్టబోయాడు.

“సారీ తర్వాత. నాలుగూళ్ల జనం ఇవాళ మీ సారీ కప్పుకుని పడుకుంటారా? రండి, లారీలోకి ఒకసారికి ఒక్కరే ఎక్కాలి. మీరు ముందు.”

లారీలోకి ఒకరెక్కి కట్టలు అందిస్తే, కొండవైపు నేలమీద వరసగా నిలబడ్డ ఊరివాళ్లు చేతులు మార్చుకుంటూ పైకి పంపాలి. ఎక్కిన మనిషి కదిలినప్పుడల్లా కింద వంతెన కిర్రుమనేది. మావాడు ఎక్కాడు. ఇంకొకరు మారతామన్నా దిగలేదు. నేను రాతిమీద కూర్చుని బాబాయ్ చేతికి కట్టు కడుతూ, ఒక కన్ను లారీమీదే ఉంచాను. బాబాయ్ నొప్పితో పళ్లు బిగించి కూడా, ఆ అబ్బాయిని దిగమనమ్మా, నా లారీమీద నమ్మకం లేదిప్పుడు అన్నాడు. ఎవరివల్ల చెయ్యి విరిగిందో ఆయనకింకా తెలియదు. నాకు తెలుసు. ఆయన ముఖంలోకి చూడలేకపోయాను.

చినుకులు మొదలయ్యేసరికి టార్పాలిన్లన్నీ పైకి వెళ్లిపోయాయి, దుప్పట్లు సగం మిగిలాయి. కాసేపు ఆగుదామని ఆమె అంది. వాడు దిగి, తిన్నగా ఆమె దగ్గరికెళ్లి సెట్టు ఇమ్మన్నాడు. లెక్క చెప్పడానికేమో అనుకుని ఇచ్చేసింది.

వాడు బటన్ నొక్కాడు. “ఇన్‌చార్జి గారూ, డిపో అబ్బాయిని. వంతెన దగ్గర్నుంచి మాట్లాడుతున్నాను. అవతలంటే ఎటువైపని నేను అడగలేదండి. ఆవిడ కారణం చెప్పబోతుంటే బటన్ నొక్కి జోకేశాను. ఆవిడ గొంతు వినాలని రోజూ ఏదో ఒకటి అంటుంటాను. ఇవాళా అలాగే అన్నాను. బాబాయ్ చెయ్యి విరిగింది నావల్ల. మీరు ఆవిణ్ణి తిడుతుంటే పక్కనే నిలబడి నోరు మూసుకున్నాను. అది దీనికన్నా పెద్ద తప్పు.”

బటన్ వదిలాడు. నా పక్కన బాబాయ్ కూడా విన్నాడు. వర్షంలో తడుస్తున్న తన లారీని చూస్తూ కూర్చున్నాడు.

ఆ అమ్మాయి ముఖం కందిపోయింది. “తప్పు ఒప్పుకున్నారు, బాగుంది. నా గొంతు సంగతి కొండంతా వినిపించాలా?” అని పళ్లబిగువున అడిగింది. పాపం, వీడు అదీ తప్పే అన్నట్టు తల దించుకున్నాడు. సిగ్గుపడటంలో కూడా ఒక పద్ధతి లేదు మావాడికి.

ఆమె సెట్టు లాక్కుంది. వెనక్కి తిరిగి, మాకెవరికీ ముఖం కనబడకుండా మాట్లాడింది.

“వంతెన నుంచి. ఆయన చెప్పింది సగమేనండి. నేను బటన్ వదిలేసరికే ఆయన మాట్లాడేస్తున్నారు. అంటే నా మాట అందలేదని నాకు తెలుసు. మళ్లీ చెప్పాలి, అదే నా డ్యూటీ. నేను చెప్పలేదు. ఆ జోకుకి నవ్వుతూ ఉండిపోయాను. రోజంతా ఆ జోకుల కోసమే చూస్తుంటాను కాబట్టి. ఇందాక మీరు తిడుతుంటే అందుకే నోరెత్తలేకపోయాను. సిగ్గేసింది.”

ఇన్‌చార్జి గారికన్నా ముందే హాస్పిటల్ క్యాంపు నర్సు గొంతు వినబడింది. “వింటున్నామండీ. కానివ్వండి.”

ఇన్‌చార్జి గారు దగ్గాడు. ఇందాక నేనన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను, అమ్మాయ్, నువ్వక్కడే ఉండు అన్నాడు. అబ్బాయికి మాత్రం ఇకమీదట సెట్టు ముట్టుకునే పని లేదు, వంతెన బాగయ్యేదాకా మూటలు మోయాలి అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. ఇవాల్టి నుంచి సెట్లో అవతల, ఇవతల అన్నవాళ్లని ఊరుకోడట. ఊరివైపు, కొండవైపు అనే చెప్పాలట.

ఆ పూట దుప్పట్లన్నీ చేరలేదు. అన్నిటికన్నా పైనున్న ఊరివాళ్లు టార్పాలిన్లు అందేలోపే తడిశారు. ఆ అమ్మాయిదీ ఆ ఊరే, ఆ తడిసినవాళ్లలో ఆమె తల్లి కూడా ఉందని తర్వాత తెలిసింది. వెనక్కి బయల్దేరేటప్పుడు మావాడు తాడు పట్టుకుని, ఆమె వైపు చూడకుండానే, ఇంక మీతో మాట్లాడటానికి నా దగ్గర సెట్టు లేదండీ అన్నాడు.

“పని మాటలు చెప్పడానికి ఇంకొకరున్నారు లెండి,” అంది ఆమె. “మిగతావి చెప్పాలంటే నడిచి రండి.”

నడిచాడు. వాగు దాటి, భుజాన బస్తా వేసుకుని, వంతెన బాగయ్యేదాకా రోజూ నడిచాడు. అది శిక్షని ఇన్‌చార్జి గారు పాపం నమ్మాడు. ఇంట్లో ఎలా చెప్పాలా అని నేను బెంగపెట్టుకుంటే, నర్సు నోటినుంచి ఎప్పుడో మా అమ్మకి చేరిపోయింది. మంచిపిల్లేనా అని మాత్రం అడిగింది అమ్మ. మనవాడికన్నా మంచిదన్నాను.

పెళ్లి ఖాయమయ్యాక వాళ్లిద్దరూ ముందు బాబాయ్ ఇంటికే వెళ్దామన్నారు. నన్నూ తోడు రమ్మన్నారు. అన్నాళ్లలో బాబాయ్ వాళ్లని ఒక్క మాటా అనలేదు, అదే వాళ్లని తినేసింది. రేకుల కప్పు ఉన్న చిన్న గది, గోడకి లారీ తాళాలు వేలాడుతున్నాయి. చెయ్యి సరిగ్గా అతకలేదు, మళ్లీ ఆపరేషన్ చేశారు, తాళాలు ఎప్పుడు దించుతాడో డాక్టరు చెప్పట్లేదు. ఇద్దరూ ఏం మాట్లాడాలో తెలియక ఆయన కాళ్లకి దణ్ణం పెట్టారు.

“కుడిచెయ్యి ఇంకా లేవట్లేదమ్మా,” అన్నాడు బాబాయ్. “ఎడమ చేత్తో దీవిస్తున్నాను. ఏమీ అనుకోకండి.”

మమ్మల్ని నవ్విద్దామనే అన్నాడాయన. ఎవరికీ నవ్వు రాలేదు. ఆయన ఎడమ చెయ్యి ఇద్దరి తలలమీదా ఉంచి, లేవండి, లేవండి అంటున్నాడు. వాళ్లు లేవలేదు.